చుక్కల సిద్ధాంతి

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఏ కారు కింద తడి కనబడినా, ఓనరు కంటే ముందు అక్కడికి చేరేది బాబాయి. నాకు బాబాయి కాదు, అసలెవరికీ కాదు. బ్యాంకులో రిటైరయ్యాడు. ఇలాంటి మనిషి ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకడుంటాడు. సిద్ధాంతిగారు పైనున్న చుక్కలు చూసి జాతకం చెబితే, ఈయన కింద పడిన చుక్కలు చూసి చెబుతాడు.

లుంగీ ఎగ్గట్టి, మోకాళ్లు పట్టుకుని "అబ్బా" అంటూ కూచుంటాడు. చూపుడువేలితో చుక్క తీసి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూస్తాడు. కొత్తావకాయలో మా అత్తయ్య ఉప్పు చూసే తీరు సరిగ్గా ఇదే. "నల్లగా ఉంటే ఇంజనాయిలు. తియ్యటి వాసనొస్తే కూలెంటు. రంగూ వాసనా లేకపోతే ఏసీ నీళ్లు, పోయి పడుకో. ఎర్రగా ఉందంటే మాత్రం..." ఇక్కడ ఆగుతాడు. ఆయన పెన్షను కన్నా ఆ ఆగడమే ఆయనకి ఎక్కువ ఆనందం.

మా పదహారేళ్ల డీజిల్ కారు కింద ఎర్రగానే ఉంది.

"పవర్ స్టీరింగ్," అన్నాడు, సంబంధం ఖాయం చేసినవాడిలా. "తిప్పితే గుయ్యిమంటోందా?"

"అంటోంది బాబాయ్."

"చివరిదాకా తిప్పితే ఇంకా ఎక్కువ?"

"అవును."

"మరి చెప్పవేంరా!"

ఆ రాత్రి ఫ్రిజ్ తాలూకు అట్టపెట్టె చింపించి కారు కింద పరిపించాడు. తెల్లారేసరికి మరకల చుట్టూ పెన్నుతో సున్నాలు. "కారే చోటు ఒకటి, పడే చోటు ఒకటి. ఆయిలు పైపు పట్టుకుని పాకుతుందిరా. ముందు తుడవాలి, ఆ తర్వాత చూడాలి." ఇది నిజం. ఆయన చెప్పేవి చాలావరకు నిజాలే, వచ్చిన చిక్కంతా అదే.

ఆటోనగర్‌కి నాతో పాటు తనూ బయల్దేరాడు. అమెరికాలో 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌కి పవర్ స్టీరింగ్ పెట్టి అమ్మిన కథ దారంతా చెప్పాడు. బెంజి సర్కిల్ దగ్గర స్టీరింగ్ బిగుసుకుని నేను రెండు చేతులా కుస్తీ పడుతున్నా కథ ఆగలేదు.

షెడ్డులో కుర్రాడు పంపూ పైపులూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంజన్ స్టార్ట్ చేసి నన్ను స్టీరింగ్ తిప్పమన్నాడు. టార్చి వేశాడు. ప్రెషర్ పైపు పంపుకి బిగించే బోల్టు చుట్టూ ఎర్రగా చెమట పడుతోంది.

"వాషర్లు పోయాయి సార్."

బాబాయి ముఖం వాడిపోయింది. ఇంత చిన్న రోగమా! "స్టీరింగ్ రాక్ చూశావా? సీళ్లు పోయుంటాయి."

కుర్రాడు రాక్ చివర రబ్బరు బూటు నొక్కి చూపించాడు. "పొడిగా ఉంది పెద్దాయనా. లోపల సీలు పోతే దీన్నిండా ఆయిలుండాలి."

"పోనీ ఆ పైపుకో క్లిప్పు బిగించు."

"రిటర్న్ పైపుకైతే బిగిస్తా. దీంట్లో చదరపు అంగుళానికి 1,000 పౌండ్లు దాటుద్ది. క్లిప్పేం ఆపుద్ది?"

బోల్టుకి అటొకటి ఇటొకటి కొత్త వాషర్లు వేశాడు. ఆయిలు పోసి, ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ ఆ చివర్నుంచి ఈ చివరికి నా చేత తిప్పించాడు. డబ్బాలో నురగ పోయేదాకా, అంటే లోపలి గాలంతా బయటికొచ్చేదాకా. వాషర్లకైన ఖర్చు కన్నా నా భుజాలకి రాసిన బామ్ ఖర్చే ఎక్కువ.

తిరిగొచ్చేటప్పుడు బాబాయి నోరు విప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు పొద్దున్నే వచ్చి అట్ట చూశాడు. "పొడిగానే ఉంది," అనేవాడు దిగులుగా.

మొన్న కొత్త కారు కొన్నాను. స్వీటు కూడా ముట్టకుండా బానెట్ ఎత్తించి స్టీరింగ్ ఆయిల్ డబ్బా కోసం వెతికాడు.

"ఇందులో ఆయిలుండదు బాబాయ్. కరెంటు మోటారే తిప్పుతుంది."

"పంపు?"

"లేదు."

"పైపులు?"

"లేవు."

చాలాసేపు లోపలికే చూశాడు. పోయినవాళ్ల ముఖం మీద దుప్పటి కప్పినట్టు బానెట్ మెల్లిగా దించాడు.

రెండడుగులు వేసి ఆగాడు. ముందు చక్రాల వెనక అరచేతంత తడి.

"అది ఏసీ నీళ్లు బాబాయ్," అన్నాను.

అప్పటికే లుంగీ ఎగ్గట్టాడు.