వేయి స్తంభాల గుడి 11

ఏజెంటిక్ అట! విండోస్ ఇకమీదట ‘ఏజెంటిక్’ ఆపరేటింగ్ సిస్టమ్‌గా మారుతోందని 2025 నవంబర్ 10న మైక్రోసాఫ్ట్‌లో విండోస్ పెద్ద పవన్ దావులూరి గారు ఎక్స్‌లో సెలవిచ్చారు. పేరు చూసి మనవాడేనని మురిసిపోయాం. ఆయన పైన సత్య నాదెళ్ల గారు ఎలాగూ ఉన్నారు. ఎవరడిగారయ్యా ఇదని జనం కింద ఏకిపారేస్తుంటే జవాబుల తలుపు మూసుకుపోయింది. విండోస్ 10కి సపోర్టు ఆపి నీళ్ళొదిలి అప్పటికి నెలైనా నిండలేదు.

ఇంత నేర్పు మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్మండ్‌కే పరిమితం కావడం అన్యాయం. మన హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి ఉంది. ఇంటర్‌ఫేస్ పాతది. దాన్ని వీళ్ళ చేతిలో పెడితే సరి.

ముందు సర్వే. ఏ స్తంభానికి ఎంతమంది ఆనుకుంటున్నారో సెన్సర్లు పెట్టి చూస్తారు. మెట్ల పక్కన రెండు, నీడ పడే వైపు ఒకటి, కొత్త జంటలు ఫోటో దిగేది ఇంకొకటి. అంతే. తక్కినవాటిని ఎవరూ ముట్టుకోవడం లేదు కాబట్టి తీసేస్తారు. ‘ఎవరూ ఆనుకోకపోయినా పైకప్పును మోస్తున్నాయి కదా బిడ్డా’ అని ఒక పెద్దాయన అంటే, మీలాగా అడిగేవాళ్ళు చాలా తక్కువమంది అని నవ్వుతూ చెబుతారు. ఇది నా కల్పన అనుకునేరు. 1995 నుంచి టాస్క్‌బార్‌ను ఏ పక్కకు కావాలంటే ఆ పక్కకు జరుపుకున్నాం. 2021లో విండోస్ 11 వచ్చి దాన్ని అడుగున మేకు కొట్టి దిగ్గొట్టింది. ఎందుకని మరుసటేడు అడిగితే, మిగతా కోరికలతో పోలిస్తే ఇది కోరేవాళ్ళు బహు కొద్దిమందన్నారు.

తర్వాత దేవుళ్ళు. ఇది త్రికూటాలయం: శివుడు, విష్ణువు, సూర్యుడు. ఒక్క గుడికి ముగ్గురెందుకు? గందరగోళం! ఎక్కువమంది కొబ్బరికాయ కొట్టేది రుద్రేశ్వరుడికే కాబట్టి మిగిలిన ఇద్దరినీ వర్డ్‌ప్యాడ్‌ను పంపినట్టే పంపేస్తారు. గోల మరీ ఎక్కువైతే సూర్యభగవానుణ్ణి స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోమంటారు. 2017లో పెయింట్ విషయంలో జరిగింది అదే. రెండేళ్ళకు తీసిన స్తంభాల్లో ఒకటి తెచ్చి నిలబెట్టి, సరికొత్త స్తంభమని పత్రికా ప్రకటన కూడా ఇస్తారు.

దర్శనానికి గోత్రం చెప్పకపోయినా ఫర్వాలేదు, ఈమెయిల్ మాత్రం చెప్పాలి. 2017కు ముందు తయారైన మోకాళ్ళకు ప్రవేశం లేదు, ఎంత బాగా నడుస్తున్నా సరే. పాత గుడిలోనే మొక్కుకుంటామనే మొండివాళ్ళు ముప్పై డాలర్లు కడితే ఇంకో ఏడాది దీపం వెలుగుతుంది. మీరు మొక్కుకుంటున్నంతసేపూ కొన్ని క్షణాలకోసారి ఒక ఫోటో తీసి దాస్తారు, రేపు ఏం మొక్కుకున్నారో మీరే మరిచిపోతే చూపించడానికి. ఇక ఏజెంటు సంగతి. మీరు ఇంట్లో కూర్చోండి, మీ తరఫున ప్రదక్షిణ అతనే చేస్తాడు, మొక్కు అతనే మొక్కుతాడు, తలనీలాలు ఎవరివి ఇవ్వాలో కూడా అతనే నిర్ణయిస్తాడు. పుణ్యం క్లౌడ్‌లో పడుతుంది. చందా కట్టినన్నాళ్ళూ మీదే.

పాపం, మన పురావస్తు శాఖకు ఈ తెలివి లేకపోయింది. 2006లో ఇదే గుడి కల్యాణ మండపాన్ని విప్పదీసి, 2024 శివరాత్రికి గానీ తెరవలేదు. పద్దెనిమిదేళ్ళపాటు ఆ శాఖను తిట్టని ఓరుగల్లువాడు లేడు. అయినా ఆ మండపాన్ని స్తంభాలతో సహా తిరిగి నిలబెట్టారు. ఈ స్తంభాలు ఎందరు వాడుతున్నారని ఎవరినీ అడగలేదు.

ఇంతకీ టాస్క్‌బార్ జరపనివ్వమని కోరే ఆ కొద్దిమంది ఎవరు? హనుమకొండ సందుల్లో ఏ డీటీపీ షాపుకైనా వెళ్ళండి. 2001 నాటి పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పొట్టి మానిటర్, దాని మీద పొడుగాటి పెళ్ళిపత్రిక. ‘లక్ష్మి’లో మ ఒత్తు కింది గీతకు తగులుతోందా లేదా అని ఆపరేటర్ తెరకు ముక్కు ఆనించి చూస్తుంటాడు. టాస్క్‌బార్ ఎడమ పక్కకు నెట్టుకుంటే అతనికి కిందో రెండు వరుసలు ఎక్కువ కనిపిస్తాయి. రోజుకు పదిగంటలు చేసే పనిలో ఆ రెండు వరుసలే తేడా. అతను సర్వేలకు జవాబివ్వడు, ఇంగ్లిష్‌లో ఫిర్యాదు రాయడు. మీ లెక్కల్లో అతను లేడు కాబట్టి అసలు లేనేలేడని తీర్మానించారు. నిక్షేపంలా నడుస్తున్న అతని కంప్యూటర్‌ను, చిప్పు పాతదన్న ఒక్క నేరానికి, విండోస్ 11కు పనికిరాదన్నారు. దాని ధర మీరు కట్టలేదు, వాయిదాల మీద అతనే కట్టాడు.

ఇది ప్రగతి కాదు పవన్ గారూ, జులుం. అమ్మిన వస్తువులోంచి ఒక్కో భాగం ఊడబీకి, అడిగినవాణ్ణి కొద్దిమందిలో కలిపి, గట్టిగా అడిగితే తలుపేసుకునే హక్కు మీకెవరిచ్చారు? మా తరఫున ఆలోచించే ఏజెంటును మేమడగలేదు. ఆ టాస్క్‌బార్ మేకు ముందు పీకండి.