ఇంటికిచ్చిన కట్నం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంగ్లండులో ఒక వంశంవారు ఆ రెండు కష్టాల్నీ ఒక్కటి చేసేశారు. ముత్తాతల నాటి ఇల్లు నిలవడం కోసం మునిమనవడు పెళ్ళి చేసుకున్నాడు.

ఆక్స్‌ఫర్డులో ఉన్న మా అబ్బాయి ఒక ఆదివారం మమ్మల్ని బస్సెక్కించి, ఉడ్‌స్టాక్‌లో బ్లెన్‌హైమ్ ప్యాలెస్ దగ్గర దింపాడు. 187 గదులట. మా ఆవిడ వాకిట్లోనే ఆగిపోయి, "ఇదంతా ఎవరు ఊడుస్తారండీ?" అంది.

1704లో ఫ్రెంచివాళ్ళని ఓడించినందుకు మొదటి మార్ల్‌బరో డ్యూక్‌కి ఆన్ రాణి ఇచ్చిన ఎస్టేటు ఇది. ఏటా ఆ యుద్ధం గెలిచిన రోజుకి, అంటే ఆగస్టు 13కి, ఒక జెండా సమర్పించుకుంటే అద్దె చెల్లినట్టే. "ఈ సంగతి మన మేడమీద అద్దెకున్నవాళ్ళ దగ్గర అనకండి" అని మా ఆవిడ నా చెవిలో చెప్పింది.

అద్దె లేకపోతే మాత్రం, పైకప్పు ఊరుకుంటుందా? ఏడో డ్యూక్ రత్నాలు అమ్మాడు, తర్వాత పుస్తకాలు అమ్మాడు. ఎనిమిదో ఆయన 1885లో రాఫెయెల్ వేసిన మేరీమాత బొమ్మని 70,000 పౌండ్లకి నేషనల్ గ్యాలరీకి ఇచ్చేశాడు. తొమ్మిదో ఆయన వంతు వచ్చేసరికి అమ్మడానికి ఇంట్లో మిగిలింది పెళ్ళికొడుకొక్కడే.

ఆయన పేరు చార్లెస్ స్పెన్సర్-చర్చిల్. పుట్టింది మన సిమ్లాలోనే. ఇంట్లో 'సన్నీ' అనేవారు. మొహంలో వెలుగు చూసి కాదు, చిన్నప్పటి బిరుదు సండర్లాండ్ ఎర్ల్ కాబట్టి. 1895 నవంబరు 6న న్యూయార్కులో అమెరికా కోటీశ్వరుల అమ్మాయి కాన్స్యూలో వాండర్‌బిల్ట్‌ని పెళ్ళాడాడు. పిల్లకి పద్దెనిమిదేళ్ళు. మనసు వేరే అబ్బాయి మీద. డ్యూకు కావాలన్నది తల్లి ఆల్వా పట్టు. కట్నం బీచ్ క్రీక్ రైల్వేలో 50,000 షేర్లు, విలువ 25 లక్షల డాలర్లు, ఏటా 4 శాతానికి తగ్గకుండా రాబడి. మన పెళ్ళికొడుకులు బండి అడుగుతారు. ఈయన రైలే పట్టుకెళ్ళాడు.

కాపురానికి రాగానే డ్యూకుగారి నాయనమ్మ కొత్తకోడలికి పని అప్పజెప్పింది: మగపిల్లాణ్ణి కనాలి, లేకపోతే ఆ విన్‌స్టన్‌గాడు డ్యూక్ అయిపోతాడు! విన్‌స్టన్ అంటే సన్నీ చిన్నాన్న కొడుకు చర్చిల్. అతనూ ఆవిడ మనవడే, అది వేరే సంగతి. 1897లో కోడలు కొడుకుని కన్నది. పాపం, విన్‌స్టన్ చివరికి ప్రధానమంత్రి పదవితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఇంట్లో భోజనాల గురించి కాన్స్యూలో తన ఆత్మకథలో రాసుకుంది. డ్యూకుగారు పళ్ళెం నిండా వడ్డించుకుని, ఆ పళ్ళాన్నీ చెంచాల్నీ గ్లాసుల్నీ అవతలికి నెట్టేసి, కాలు మీద కాలేసుకుని చిటికెనవేలి ఉంగరం తిప్పుకుంటూ కూర్చునేవాడట. పావుగంటయ్యాక ఈ లోకంలోకొచ్చి, అన్నీ చల్లారిపోయాయని విసుక్కునేవాడట. ఆవిడ అల్లిక మొదలెట్టింది. బట్లరు బయట డిటెక్టివ్ కథలు చదువుకునేవాడు. ఆ బట్లరుదీ ఒక హోదా. పేర్చిపెట్టిన చలిమంటకి అగ్గిపుల్ల గీయమంటే, ఆ పని చేసేవాణ్ణి పంపిస్తానని వంగి దండం పెట్టి వెళ్ళాడు. డచెస్‌గారే గీసుకుంది.

1906లో విడిపోయారు, 1921లో విడాకులు. సన్నీ అదే ఏడు ఇంకో అమెరికా అమ్మాయి గ్లాడిస్ డీకన్‌ని చేసుకున్నాడు. ఈవిడ అల్లికలు పెట్టుకోలేదు. భోజనాల బల్ల మీద పక్కనే రివాల్వరు పెట్టుకునేది. ఎందుకని అతిథి అడిగితే, ఎప్పుడో మా ఆయన్ని కాల్చినా కాలుస్తానంది. ముఖద్వారం కప్పు మీద 1928లో గీయించిన ఆవిడ నీలికళ్ళు ఇప్పటికీ వచ్చేపోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాయి.

మా ఆవిడ తలెత్తి ఆ కళ్ళకేసి చూసింది, తల దించి నాకేసి చూసింది.

"ఆ పిల్ల కట్నంతో ఇల్లయినా నిలబడింది. మా నాన్న ఇచ్చిన స్కూటరేదండీ?"

బస్సుకి టైమైపోతోందన్నాను.