బురుజు కనిపిస్తే వదలడు

అమెరికా విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లో ఓ రకం ప్రొఫెసరు తగులుతుంటాడు. ఆయన ఎదుట గొడుగు తెరవడం కూడా క్షేమం కాదు. కర్రలు, కత్తులు, గొడుగులు మగ గుర్తులనీ, పెట్టెలు, అలమారలు, పొయ్యిలు ఆడ గుర్తులనీ కలల పుస్తకంలో ఫ్రాయిడ్ రాశాడు. మన ప్రొఫెసరుకు ఆ పట్టిక కంఠతా వచ్చు.

అలాంటి మనిషి చేతికి కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ 1971లో వేసిన ‘ట్రాన్స్‌ఫర్మేషన్స్’ దొరికితే ఇంకేముంది! గ్రిమ్ సోదరుల కథల్ని తిరగరాసిన 17 కవితలు. ‘రపుంజెల్’ పేజీ తీస్తాడు. తలుపు లేని బురుజు! కిటికీలోంచి వేలాడే జడ! ఆ ఉత్సాహానికి సుద్దముక్క విరుగుతుంది.

ముప్పావుగంట చెమటోడ్చి, ముసలి మంత్రగత్తెకూ పిల్లకూ నడుమ కవయిత్రికే తెలియని కోరిక దాగుందని తేలుస్తాడు.

“దాగడమేంటి ప్రొఫెసర్? కవిత మొదట్లోనే ఆవిడ బాహాటంగా చెప్పేసిందిగా,” అంటుంది వెనక వరస అమ్మాయి.

“అంత బాహాటంగా చెప్పిందంటేనే ఇంకేదో దాస్తోందన్నమాట!”

చెప్పకపోతే అణచివేత, చెబితే ముసుగు. ఇక ఆయనతో వాదించి గెలిచేదెవరు?

నిజానికి సెక్స్‌టన్‌కు ఈ విద్య కొత్త కాదు. 1950ల్లో ఆవిణ్ణి కవిత్వం రాయమని ప్రోత్సహించిందే ఆవిడకు చికిత్స చేస్తున్న మానసిక వైద్యుడు మార్టిన్ ఓర్న్. ఏ గుర్తుకు ఏ అర్థం లాగుతారో తెలిసే రాసింది. ఆవిడ పాతినవాటినే ప్రొఫెసరు తవ్వి తీసి, నిధి దొరికిందని మురిసిపోతున్నాడు.

ఈ బాపతు తవ్వకాలకు ఓ పాత ఎదురుదెబ్బ కూడా ఉంది. ఎర్రటోపీ పిల్ల కథలో ఎరుపు రజస్వల కావడానికి గుర్తని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ 1951లో రాశాడు. ఫ్రెంచి పల్లె జనం చెప్పుకున్న కథలో అసలు ఎర్రటోపీయే లేదని చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ 1984లో గుర్తుచేశాడు. అది 1697లో రచయిత షార్ల్ పెరో తగిలించిన టోపీ. ప్రొఫెసరు ఈ ముక్క వినీ విననట్టు కళ్లజోడు తుడుచుకుంటాడు.

వెనక వరస అమ్మాయి మాత్రం వదలదు. 1812 నాటి గ్రిమ్ మొదటి ముద్రణలో రపుంజెల్ అమాయకంగా, నా బట్టలు ఎందుకిలా బిగుతవుతున్నాయని అడుగుతుంది. పిల్ల గర్భవతని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. తర్వాతి ముద్రణల్లో విల్‌హెల్మ్ గ్రిమ్ ఆ ప్రశ్న తీసేశాడు. “చూశారా, ఇందులో ఫ్రాయిడ్ కనిపెట్టాల్సిందేమీ లేదు,” అంటుందా అమ్మాయి.

“తీసేశాడా?” ప్రొఫెసరు కళ్లు మెరుస్తాయి. “ఎందుకు తీసేశాడు?”

వచ్చే వారం సెమినారు విల్‌హెల్మ్ గ్రిమ్ బాల్యం మీద.