నీ గోత్రం ముప్పైరెండా, నలభయ్యా?

టూస్ట్రోక్ డర్ట్‌బైకు ఉన్నవాళ్ళిద్దరు కొత్తగా కలిస్తే పేర్లు తరవాత, ముందు గోత్రం. "మీరెంత కలుపుతారు?" ముప్పైరెండుకు ఒకటి అని ఒకాయన, నలభైకి ఒకటి అని ఇంకొకాయన. ఆ క్షణం నుంచి ఒకరింట ఒకరు మంచినీళ్ళు ముట్టరు. అరవైకి ఒకటి అన్నవాడు ఆ దరిదాపుల్లో కనిపిస్తే మాత్రం ఇద్దరూ ఏకమై వాణ్ణి వెలేస్తారు. సగోత్రీకుడైతే స్పేరు ప్లగ్గు అడక్కుండానే చేతిలో పెడతారు.

ఈ కులాచారం తెలియనివారికి సంగతి చెప్పాలి. ఫోర్‌స్ట్రోక్ ఇంజనుకు నూనె అడుగున నిలవ ఉంటుంది, అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. టూస్ట్రోకుకు ఆ భాగ్యం లేదు. పెట్రోలూ గాలీ కలిసి క్రాంక్‌కేసులోంచే పైకి వెళ్ళాలి గనక, దారిలో ఉన్న బేరింగులకూ పిస్టనుకూ ఇంత జిడ్డు అంటించి పొమ్మని ఆ పెట్రోలుకే పని అప్పజెప్పారు. అందుకే నూనెను పెట్రోల్లో కలిపి పోస్తాం. అది కొంత కాలి, కొంత కాలక సైలెన్సర్లోంచి పోతుంది. ఎంత కలపాలో బండి చేసినవాడు అంకె వేసి పుస్తకం అచ్చొత్తించి ఇచ్చాడు. కథ అక్కడే కంచికి వెళ్ళవలసింది.

వెళ్ళనివ్వం కదా. లీటరు లెక్కన చూడండి. 32:1 అంటే లీటరు పెట్రోలుకు 31 మిల్లీలీటర్ల నూనె. 40:1 అంటే 25. 50:1 అంటే 20. 60:1 అంటే 17కి ఓ పిసరు తక్కువ. నలభై గోత్రానికీ యాభై గోత్రానికీ మధ్యనున్న అగాధం లోతు లీటరుకు 5 మిల్లీలీటర్లు. పిల్లలకు పట్టే దగ్గుమందు ఒక చెంచాడు. ఇన్ని స్నేహాలు చెడింది ఆ చెంచాడు దగ్గరే.

పోనీ, ఆ చెంచానైనా చెంచాతో కొలుస్తారా? రేషియో పండితుణ్ణి బంకులో చూడాలి. "రెండొందలది కొట్టు" అంటాడు. రెండొందలకి ఎన్ని లీటర్లు పడిందో మీటరు వంక చూడడు. టాంకులో అప్పటికే ఎంతుందో దేవుడికి తెలియాలి. ఉన్నదాంట్లో పోయినవారం ఏ లెక్కన కలిపాడో దేవుడికీ అనుమానమే. దానిమీద సీసా మూతతో ఒకటి, రెండు, "మూడోది సగం" వంపి, బండిని అటూ ఇటూ ఊపి, "మనది పక్కా ఫార్టీ టు వన్, బ్రదర్" అంటాడు. నిజానికి ఆయన పాటిస్తున్నది నూనెకూ రూపాయికీ ఉన్న నిష్పత్తి. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆయన టాంకులో జిడ్డు చిక్కబడుతుంది.

యమహా వైజెడ్ 250కి కంపెనీ పుస్తకం 30:1 అంటుంది. కార్బరేటర్ ఉన్న కేటీఎం 250కి ఆ కంపెనీ పుస్తకం 60:1 అంటుంది. అదే సైజు ఇంజను, అదే బురద, అవే గుట్టలు. నూనె మాత్రం ఒకదానికి రెండోదానికి రెట్టింపు. రెండూ నిక్షేపంగా పరిగెడుతున్నాయి. ఎవరి నూనె చూసుకుని, కార్బరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాలు, అంటే జెట్లు, ఎవరివి వాళ్ళు అమర్చుకుని, ఎవరి లెక్క వాళ్ళు రాసుకున్నారు. ఈ మాట పండితుడికి చెప్పి చూడండి. ఎక్కువ రాసిన కంపెనీ నూనె అమ్ముకోవడానికి రాసిందట, తక్కువ రాసినది పొగ చట్టాలకు జడిసి రాసిందట. ఇంజను డిజైను చేసినవాళ్ళు మాత్రమే దీని గురించి మాట్లాడకూడదని ఆయన అభిప్రాయం.

గంటల తరబడి యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఉరికే ఇంజనుకు నూనె ఎక్కువ కావాలి, రాళ్ళమీద నింపాదిగా పాకించే బండికి తక్కువ చాలు. ఇందులో తగువేమీ లేదు. తగువంతా బండిని వారానికోసారి ఊరి చివరి మట్టిదారిలో ఓ అరగంట తిప్పి, ప్రపంచ మోటోక్రాస్ ఫైనల్లో ఉన్నట్టు నూనె లెక్కలు కట్టేవాళ్ళతోనే.

ఈ శాస్త్రంలో పరమ సిద్ధాంతం ఒకటుంది. "నూనె పెంచితే మిక్స్చర్ రిచ్ అవుతుంది, ఇంజను చల్లగా ఉంటుంది." సరిగ్గా తలకిందులు. జెట్లోంచి పోయేది కలిపిన ద్రవం. అందులో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు పలచబడుతుంది. 50:1 నుంచి 32:1కి మారితే పెట్రోలు ఒక శాతం తగ్గినట్టు. భద్రత కోసమని ఇంకో మూత పోసినవాడు, జెట్ మార్చకపోతే, ఇంజన్ను వేడివైపు ఓ అడుగు నెట్టాడన్నమాట. చిన్న అడుగే లెండి.

పెద్ద అడుగు బంకువాళ్ళే వేశారు. ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దాన్ని కాల్చడానికి గాలి తక్కువ చాలు గనక, ఉత్త పెట్రోలుకు అమర్చిన జెట్లతో నడిచే పాత బండిలో మిక్స్చర్ సుమారు 8 శాతం పలచబడుతుంది. ఒక శాతం కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు ఎనిమిది శాతం మీద ఒక్క మాట మాట్లాడరు. అది మాట్లాడాలంటే కార్బరేటర్ విప్పాలి, జెట్ మార్చాలి, ప్లగ్గు తీసి రంగు చూడాలి. చేతులకు మసి అవుతుంది. రేషియో చర్చకు మసి అంటదు.

తీరా పిస్టన్ పట్టేసిన రోజున పంచనామా కూడా గోత్రాన్ని బట్టే. "నలభై కలిపావు కదూ, అందుకే." చిరిగిన ఎయిర్ ఫిల్టరు, గాలి పీల్చే సీలు, చెత్త అడ్డుపడిన జెట్, నీళ్ళు లేని రేడియేటరు, వీటినెవరూ సాక్షులుగా పిలవరు. సైలెన్సర్లోంచి నల్లటి జిడ్డు కారితే నేరం నూనెదే, పెట్రోలు ఎక్కువ పోస్తున్న జెట్‌ది కాదు. అసలు ఎన్ని పిస్టన్లు నిష్పత్తి తప్పి పోయాయో గాని, వాదన హడావిడిలో నూనె కలపడమే మరిచిపోగా పోయినవి ఏ మెకానిక్కునడిగినా చెబుతాడు.

మన దేశంలో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హాస్యమాడటం లేదు. స్కూటర్లూ ఆటోలూ రాజ్యమేలిన రోజుల్లో లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలునని కంపెనీలు చెబితే, "సేఫ్టీకి ఉండనీ" అని ముప్పై, నలభై కొట్టించుకునేవాళ్ళు. విడిగా అమ్మే టూటీ, అంటే టూస్ట్రోక్, ఆయిల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. ఊరంతా నీలం పొగ. చివరికి 1998 జూలైలో ఢిల్లీ కాలుష్యం కేసులో కోర్టు, ఆ ఏడాది ఆఖరుకల్లా బంకుల్లో విడి నూనె ఆపి, ముందే కలిపిన పెట్రోలే పొయ్యమంది. ఒక మూత తక్కువ పొయ్యండయ్యా అని చెప్పడానికి అంత పెద్ద న్యాయస్థానం కావలసివచ్చింది.

ఆముదం శాఖవారిది మరో దారి. వీళ్ళకు అంకె కన్నా వాసన ముఖ్యం. ఆముదాన్ని తీసిపారెయ్యక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లు దానితోనే తిరిగాయి, మండే లోహాన్ని కూడా అది వదలకుండా పట్టుకుంటుంది. ఆముదం కలిపిన రేసింగ్ నూనెలు ఇప్పటికీ దొరుకుతాయి. కాని అవి శుద్ధిచేసి, మందులు కలిపినవి. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే పంటే కదా అన్న అభిమానంతో గానుగ ఆముదం తెచ్చి టాంకులో పోస్తే, చలిపొద్దున అది పెట్రోలుతో కలవనని అడుగున కూర్చుంటుంది. కలిసిన మేర బంకగా మారి పిస్టన్ రింగుల్ని అతికిస్తుంది. అప్పుడు ఆముదం తాగిన మొహం బండికా, యజమానికా?

ఇంత రగడకూ యమహా 1964లోనే విరుగుడు కనిపెట్టి ఆటోల్యూబ్ అని పేరు పెట్టింది. నూనెకు వేరే టాంకు, ఒక చిన్న పంపు. యాక్సిలరేటరు తిప్పినకొద్దీ నూనె ఎక్కువ, వదిలితే తక్కువ. 1985లో మన రోడ్లమీదికొచ్చిన ఆర్ఎక్స్ 100లో ఉన్నది అదే ఏర్పాటు. నూనె కొలిచి పోసే పనిని కేటీఎం కూడా 2018 మోడళ్ళ నుంచి కంప్యూటరుకు అప్పగించింది. అంటే మలుపు మలుపుకూ బండే గోత్రం మార్చుకుంటుంది, ఎవరి పౌరోహిత్యం అక్కర్లేకుండా.

ఇది పండితుడికి మింగుడుపడలేదు. "పంపు ఫెయిలైతే?" అన్నాడు. నిజమే, యంత్రం కదా, ఎప్పుడో ఫెయిలవచ్చు. అందుకని ఆర్ఎక్స్ కొన్న మొదటి వారంలోనే పంపు పీకించి, ఆ రంధ్రం మూయించి, నూనె బాధ్యతను తన జ్ఞాపకశక్తికి బదిలీ చేశాడు. పీకిన పంపును పారెయ్యలేదు, గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాడు. బండి అమ్మేరోజున "కంపెనీ ఒరిజినల్" అని దానికి విడిగా రేటు కట్టాలిగా.