పడవ కాదు, బండి అని చెప్పు

డాలస్,
ఆదివారం రాత్రి

బావా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిట్రా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసుంటావు. ఫోను చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు. వాట్సాప్‌లో పెడితే నీకన్నా ముందు నీ కూతురు చదివేసి, రాగం తీసి మరీ అమ్మకి వినిపిస్తుంది. అందుకే కాగితం మీద రాసి, ఇంటికి కాకుండా అంబాజీపేట కొబ్బరి కొట్టుకి పంపుతున్నాను. చదివి డొక్కలతో పాటు పొయ్యిలో పెట్టెయ్.

సంగతేమిటంటే, పడవ కొన్నాను. తెరచాప పడవ. సెకండ్ హ్యాండ్.

అమ్మకి చెప్పకు. నాకు నీటి గండం ఉందని పన్నెండేళ్ళొచ్చేదాకా కాలవగట్టు దిగనివ్వని మనిషి. గోదారి పాయల మధ్య పుట్టి ఈత రాకుండా పెరిగినవాణ్ణి మన చుట్టాల్లో నేనొక్కణ్ణే. నలభై దాటాక ఇక్కడ చిన్నపిల్లల క్లాసులో చేరి నేర్చుకున్నాన్లే.

పడవ పేరు కాటలీనా 22. పొడుగు ఇరవై ఒకటిన్నర అడుగులు. ఇక్కడ ఇది మన బజాజ్ చేతక్ లాంటిది. పదిహేను వేలకి పైగా తయారయ్యాయి, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. వెడల్పు ఎనిమిది అడుగుల లోపే కాబట్టి ప్రత్యేక అనుమతి లేకుండా ట్రైలర్ మీద పెట్టి కారుతో లాక్కుపోవచ్చు. నాది 1978 నాటిది. నాకన్నా మూడేళ్ళు పెద్ద, వరసకి అక్కవుతుంది.

అమ్మినాయన ఎనభై దాటిన ముసలాయన. నువ్వు నేర్పిన పాఠం మరిచిపోలేదు. గేదెని కొనేముందు మొహం చిట్లించాలి, తరవాతే పళ్ళు చూడాలి. దారి పొడుగునా అద్దంలో చూసుకుంటూ మొహం చిట్లించడం సాధన చేశాను. ఈ పడవల పైభాగం రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క పెట్టి చేస్తారు. మేకుల సందుల్లోంచి నీళ్ళు దిగితే లోపల చెక్క నానిపోతుంది, పైకి కనపడదు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాలి. టంగుమంటే మంచిది, బొద్దుమంటే కుళ్ళిందని. కొబ్బరికాయ చప్పుడు వినే వంశంలో పుట్టినవాణ్ణి నాకిదో లెక్కా అని మోకాళ్ళ మీద పాకుతూ కొడుతుంటే ఆయనొచ్చి, "అక్కడ కాదు నాయనా, ఇక్కడ కొట్టు, పాడైంది ఇక్కడ" అని చూపించాడు.

అక్కణ్ణించి మొదలు. పడవ కింద పావు టన్ను బరువున్న పోత ఇనుప రెక్క ఉంటుంది. పైకి లాగితే పడవ రెండడుగుల లోతులో తేలుతుంది, దించితే అయిదడుగులు కావాలి. దాన్ని మోసే తీగతాడు పోచలు తెగుతున్నాయి, ముందు అది మార్చమన్నాడు. టైర్ల గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి కదా, నమ్మకు, పక్కన ముద్రించిన ఏడాది చూడు అని తనే వంగి లైటు వేశాడు. చక్రాల బేరింగులు గ్రీజు చూసి చాలా కాలమైందన్నాడు. బావా, బేరమాడ్డానికి నాకేమీ మిగల్చలేదు! పరువు కోసం "ధర కాస్త ఎక్కువేమో" అని గొణిగాను. ఆయన గెడ్డం గోక్కుని, "నిజమే" అని మూడు వందల డాలర్లు తగ్గించేశాడు. మూడు గంటలు పోట్లాడదామని వెళ్ళినవాడికి మూడు నిమిషాల్లో గెలిపిస్తే ఎంత అవమానమో నీకు తెలుసు.

కాగితాలు మన రిజిస్ట్రారాఫీసు బాపతే. పడవకి ఒక కాగితం, ట్రైలర్‌కి ఇంకోటి. పడవ వెనకవైపు చెక్కిన పన్నెండక్షరాల నంబరూ కాగితం మీది నంబరూ ఒకటో కాదో అక్షరమక్షరం చూసుకున్నాను. లింకు డాక్యుమెంట్లు అడగబోయి నాలిక కరుచుకున్నాను.

బయల్దేరుతుంటే పనిముట్ల డబ్బా, మరలూ మేకులూ ఉన్న కాఫీ డబ్బాలు రెండు కార్లో పెట్టాడు. పిల్లకి సారె పెట్టినట్టే. ఇంకా, తెరచాప కొయ్య లేపేముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకో, అది అల్యూమినియం అని నాలుగుసార్లు చెప్పాడు. నీ చెల్లెలు అంది కదా: "అత్తయ్యగారు చెప్పింది నీటి గండమే, కరెంటు గండం చెప్పలేదు."

ఇంటి ముందు పెట్టిన మూడో రోజున కాలనీ సంఘం వాళ్ళ నోటీసు. రోడ్డు మీదికి పడవ కనపడకూడదట. ఊరి బయట దానికి అద్దె స్థలం చూశాను. నెలనెలా అద్దె, నాలుగు రోజుల ముందే గుర్తుచేస్తారు.

నిన్న నీళ్ళలోకి దించాం. గంటన్నర ప్రయాణం, టెక్సోమా చెరువు. ఎర్ర నదికి 1944లో ఆనకట్ట కట్టారు, అదీ చెరువు. ఇటొడ్డు టెక్సాస్, అటొడ్డు ఓక్లహోమా. ట్రైలర్‌ని వెనక్కి నడపాలంటే స్టీరింగు అటు తిప్పితే అది ఇటు పోతుంది. రేవులో నా వెనక ఏడు బళ్ళు ఆగిపోయాయి. నీ చెల్లెలు కిందికి దిగి చేతులూపింది, అవి రమ్మనో వద్దనో ఇప్పటికీ మా మధ్య తేలలేదు. పాతికడుగుల కొయ్య లేపి తాళ్ళు బిగించేసరికి మూడు గంటలు. అప్పటికి ఇంజను బోట్లవాళ్ళు చేపలు పట్టుకుని, కాల్చుకుని తినేశారు.

గాలి బాగానే ఉంది. తెరచాప పొంగింది. పడవ మాత్రం మొహం ఉత్తరానికి పెట్టి తూర్పుకి నడిచింది, అచ్చం ఎన్నికల ముందు మన ప్రెసిడెంటు. పావుగంట చుక్కాని తిట్టాక గుర్తొచ్చింది, ఇనుప రెక్క దించలేదు! అది దించగానే చూడాలి బావా. ఇంజను లేదు, చప్పుడు లేదు, ఒక పక్కకి ఒరిగి, గాలికి ఏటవాలుగా, సర్రున. సర్రునంటే గంటకి పదకొండు కిలోమీటర్లు. అంతకన్నా ఎక్కువ దీని తరం కాదు. నువ్వు సైకిలు మీద దాటేస్తావనుకో, అయినా నేను గట్టిగా అరిచాను.

రాత్రి ముసలాయన ఫోను చేశాడు. "ఎలా ఉంది తను?" అన్నాడు. ఇక్కడ పడవని ఆడపిల్లలాగే అంటారు. బాగుంది, మొదటిసారి కాబట్టి కొంచెం పక్కకి నడిచింది అన్నాను. "రెక్క దించడం మరిచిపోయావా?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయాను.

అమ్మ అడిగితే పాత బండి కొన్నాడని చెప్పు. అబద్ధం కాదు, రెండు చక్రాలున్నాయి, నంబరు ప్లేటుంది. ఫోటో పంపమంటే నాతో చెప్పు, చక్రాల వరకే తీసి పంపుతాను.

నీ బావమరిది