బాంబుల్లేని రాయలసీమ నవల

నవల రాయడానికి ఏర్పేడు చాలు. అచ్చు వేయించడానికే హైదరాబాదు పోవాల. ఈ చట్టం ఎవరు చేశారోగానీ, మా పక్క నవలాకారుడు దాన్ని ఏడుకొండలవాడి మొక్కుకన్నా నిష్ఠగా చెల్లిస్తాడు. రేణిగుంట దాకా వెనక్కి పోయి నారాయణాద్రి ఎక్కుతాడు. అదే రైలు కాసేపట్లో ఏర్పేడు స్టేషన్‌ను పలకరించకుండా దాటిపోతుంది. నగరంలో తనకు జరగబోయే మర్యాదకు అది రిహార్సల్ అని మావాడికి తట్టదు.

ఒకప్పుడు ఇంత ప్రయాస లేదు. 1854లో వావిళ్లవారు అచ్చుకూటం పెట్టింది మద్రాసులో. ‘చందమామ’ 1947లో పుట్టిందీ అక్కడే. మాకది పక్కూరు కింద లెక్క. తర్వాత తెలుగు అచ్చు బెజవాడకు పోయింది, అక్కణ్ణించి హైదరాబాదుకు. మకాం మారిన ప్రతిసారీ అది మాకు ఇంకాస్త దూరం జరగడం యాదృచ్ఛికమే అయ్యుంటుంది.

ఇంకో విడ్డూరం చూడండి. మలయాళ స్వామి 1926లో వ్యాసాశ్రమం పెట్టింది ఏర్పేడులోనే. ఆయన శిష్యుడు విద్యాప్రకాశానందగిరి స్వామి రాసిన ‘గీతామకరందం’ పక్కనున్న శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం నుంచే ముద్రణ మీద ముద్రణగా వచ్చింది. దానికి ఏ మహానగరపు లోగో అక్కర్లేకపోయింది. అయినా మావాడికి అటు చూపు పోదు. నవలాకారుడికి మోక్షంకన్నా సమీక్ష ముఖ్యం.

సరే, హైదరాబాదు చేరాడు. కాఫీ కప్పు పల్లెలో పూటభోజనం ధర పలికే చోట సాటి సాహితీబంధువులు కూర్చోబెట్టారు. (కాఫీ డబ్బులు మావాడే ఇచ్చాడు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.) సంచిలోంచి రాతప్రతి తీశాడు. స్వర్ణముఖి నది ఇసుక మీద నవల. 2017 ఏప్రిల్ 21న, ఇసుక తవ్వకాల మీద మొరపెట్టుకోవడానికి మునగలపాలెం జనం ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందుకు వస్తే లారీ వాళ్ల మీదికి దూసుకొచ్చింది. 10 మందికి పైగా పోయారు. అది చూసిన ఊరివాడు ఏళ్లపాటు గుండెలో పెట్టుకుని రాసింది.

ఆ బంధువుల్లోని ప్రచురణకర్త పుటలు తిరగేశాడు. చదవలేదు, తిరగేశాడు.

“రాయలసీమ అన్నారు, బాంబులేవి సార్?”

“మా పక్క బాంబుల్లేవు సార్. ఇసుక ట్రాక్టర్లుండాయి.”

“సుమోలు?”

“ఐఐటి పిలకాయల సైకిళ్లుండాయి.”

ఆయన ముఖం వాడిపోయింది. పాపం, ఆయన తప్పేముంది? సీమను సినిమా హాల్లో చూసినవాడు. దామల్‌చెరువులో బడిపంతులుగా బతికిన మధురాంతకం రాజారాం బాంబు పేల్చకుండానే 1993లో సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చుకున్నాడనీ, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలాయన తప్పిపోయిన పంది కోసం అడవిలోకి పోవడమే కథ అనీ చెప్పబోయాడు మావాడు. “అవన్నీ క్లాసిక్స్ సార్” అని ఆ పెద్దల్ని ఒక్క మాటతో అటక మీదికి ఎక్కించేశారు.

మరి మాండలికం? ఆహా, అదంటే నగరానికి ప్రాణం. “మీ యాసలో మట్టివాసన ఉంది సార్” అని తన్మయులయ్యారు. అయ్యాక, “కాస్త తగ్గించండి, చివర పదకోశం పెట్టండి” అన్నారు.

లెక్కల దగ్గర మాత్రం ఎవరికీ పదకోశం అక్కర్లేకపోయింది. వేసేది అయిదొందల కాపీలు. డిటిపి, ప్రూఫులు, కాగితం, అచ్చు, బైండింగు, అన్నీ రచయితవే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బిఎన్ నంబరుక్కూడా పట్టీలో ఒక ధర ఉంది. అమ్మకంలో నలభై శాతం దుకాణానిది. ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, సమోసాలు, పుస్తకం తెరవకుండానే గంటసేపు మాట్లాడగల ముఖ్య అతిథికి కారు, ఇవీ రచయితవే. రాయల్టీ అన్న మాట మావాడు ఎత్తగానే అందరూ ఒకేసారి ఫోన్లు చూసుకున్నారు.

“మరి మీరు పెట్టేదేంది సార్?”

“పేరు.”

“నా పేరు నేనే పెట్టుకుంటా గదా.”

“మా పేరు సార్, అట్ట మీద.”

మావాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోడా మరి? పెళ్లాం గాజులు కుదువబెట్టి అప్పటికే డబ్బు తెచ్చుకున్నాడు. ఊళ్లో ఇసుక దొంగల్ని ఎదిరించే నవల రాసినవాడు, నగరంలో తన జేబులోంచే తవ్వుకుపోతుంటే రసీదు కూడా అడగలేదు.

నెల తర్వాత ముఖచిత్రం వాట్సాప్‌లో వచ్చింది. ఎర్రటి ఆకాశం, నల్లటి కొండ, మధ్యలో నెత్తురోడే వేటకొడవలి. స్వర్ణముఖి లేదు, ట్రాక్టర్ లేదు. మావాడు వణుకుతున్న వేళ్లతో ఫోన్ చేశాడు.

“నా నవల్లో యాడా కొడవల్లేదే సార్!”

“పర్లేదు సార్. రెండో ముద్రణలో పెట్టండి.”