ఏ డ్రాయింగులోనూ లేని కొలత

మెషిన్ షాపులో కుర్రాళ్లకు పని నేర్పే రోజుల్లో ఒక తప్పు మాట ఎంతో ధీమాగా చెప్పేవాణ్ణి. లీ ఎన్‌ఫీల్డ్ నెంబర్ 4 రైఫిల్‌కి బోల్టు హెడ్లు 0 నుంచి 3 దాకా నాలుగు సైజుల్లో చేశారు. ఒక్కో అంకెకు తేడా అంగుళంలో సుమారు 3 వెయ్యో వంతులు. "కొలత పట్టుబడని ఫ్యాక్టరీలు చేసే పని ఇది, యుద్ధకాలపు హడావిడి" అనేవాణ్ణి. విన్నవాళ్లు నమ్మారు. ఆ సంగతే ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ సైజులు హెడ్‌స్పేస్ సరిచేయడానికి. హెడ్‌స్పేస్ అంటే ఏదో ఒక భాగం మీద చెక్కే కొలత అనుకున్నాను. కాదు. మన పోలీసులు మోసిన త్రీనాట్‌త్రీనే చూడండి. తూటా అడుగున రిమ్ము ఉంటుంది. బోల్టు ముఖానికీ బ్యారెల్ వెనక అంచుకూ మధ్య ఆ రిమ్ముకు దొరికే చోటే హెడ్‌స్పేస్. సైన్యం గేజ్‌లు దానికి పెట్టిన హద్దులు 0.064, 0.074 అంగుళాలు. మొదటి గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. మధ్యనున్నది 10 వెయ్యో వంతులు. అందులో బోల్టు, బోల్టు హెడ్, రిసీవర్‌లో బోల్టు లగ్గులు ఆనే చోటు, బ్యారెల్ అంచు, నాలుగూ వాటా అడుగుతాయి. ఒక్కోదానికి ఇటు 2, అటు 2 వెయ్యో వంతులు వదిలినా మొత్తం 16 అవుతుంది. ప్రతి భాగమూ డ్రాయింగు ప్రకారం సరిగ్గానే ఉంటుంది, రైఫిల్ మాత్రం పనికిరాదు. జీవితమంతా టాలరెన్సులు కూడిన నేను ఈ చిన్న కూడిక వేసి చూడలేదు.

చోటు ఎక్కువైతే ఏమవుతుందో తెలిశాక నా మాట మీద నాకే భయం వేసింది. పేలినప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బి ఛాంబర్ గోడలను పట్టుకుంటుంది. అడుగు భాగం మాత్రం వెనక్కి, బోల్టు దాకా జరుగుతుంది. అడుగుకు కాస్త పైన ఇత్తడి సాగి పలచబడుతుంది. మరీ సాగితే తెగుతుంది, మండే వాయువు కాల్చేవాడి ముఖం వైపు తన్నుకొస్తుంది.

అందుకే తయారీదారులు ఒక్క చోటు సర్దుబాటుకని చివరికి వదులుతారు. నెంబర్ 4లో అది బోల్టు హెడ్. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన ఎస్ఎల్ఆర్‌లో లాకింగ్ షోల్డర్: గేజ్ పెట్టి చూసి, తగిన సైజు ఏరి బిగించేవారు. సావేజ్ 110 రైఫిల్ 1958లో వచ్చింది. అందులో ఛాంబర్‌లో గేజ్ ఉంచి, బోల్టు మూసి, బ్యారెల్ గేజ్‌ను తాకేదాకా తిప్పి, నట్టుతో బిగించేస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పద్ధతే. నాలుగు సైజులకు బదులు నేను కోరిన "ఒకే సైజు"కు దగ్గరగా వచ్చేది ఏఆర్-15. లగ్గులు రిసీవర్‌లో కాక, బ్యారెల్‌కే బిగించిన ముక్కలో ఆనుతాయి. ఆ ముక్కనూ ఛాంబర్‌నూ మాత్రం ఒకదానికొకటి సరిచూసే అమర్చాలి.

ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటాతో ప్రూఫ్ పరీక్ష చేశాక కూడా హెడ్‌స్పేస్ మళ్లీ చూస్తారు. లగ్గులు ఆ దెబ్బకు కాస్త నొక్కుకుపోయి ఉండవచ్చు. ఇంత శ్రద్ధను నేను అలసత్వం అన్నాను.

ఒకసారి ఒక కుర్రాడు "మాస్టారూ, అరిగిపోయిన బ్యారెల్ మారిస్తే అదే బోల్టు సరిపోతుందా?" అని అడిగాడు. "డ్రాయింగు ఉందిగా, సరిపోతుంది" అని కసిరాను. సరిపోదు. కొత్త బ్యారెల్ వచ్చిందంటే గేజ్ మళ్లీ పెట్టాల్సిందే, అవసరమైతే బోల్టు హెడ్ మార్చాల్సిందే. నాలుగు అంకెలు ఎందుకున్నాయో వాడి ప్రశ్నలోనే ఉంది. వాడు మళ్లీ నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.